వినియోగదారుని మాటకు సాక్షి ఎవరు? – ఉత్తరాంధ్ర సాహిత్యం వెలుగులో సామాజిక మాధ్యమ అనుభవ కథనాలు

వ్యాససంగ్రహం

కొన్న వస్తువు గురించి, పొందిన సేవ గురించి మనుషులు పదిమందికీ ఎందుకు చెబుతారన్న ప్రశ్నకు వాణిజ్యశాస్త్రం ఉద్దేశాల పట్టికతో సమాధానమిస్తుంది. ఆ పట్టిక అవసరమైనదే గాని చాలదు. ఆ మాట ఎవరు చెప్పగలుగుతున్నారు, ఎవరు చెప్పలేకపోతున్నారు, చెప్పినా ఎవరిది చెల్లుతున్నది అనే ప్రశ్నలు అందులో లేవు. తెలుగు సాహిత్యం, ప్రత్యేకించి ఉత్తరాంధ్ర సాహిత్యం, ఈ ప్రశ్నలను సామాజిక మాధ్యమాలు రాకముందే వేసింది. క్రీడాభిరామంలోని పూటకూటి భోజన వర్ణన, శ్రీనాథుని పేర నిలిచిన చాటువులు, గురజాడ 'కన్యాశుల్కం', చాసో, కాళీపట్నం రామారావుల కథలు ఆధారంగా, నెల్లిమర్ల వంటి మిల్లు ఊరి జీవితాన్ని నేపథ్యంగా తీసుకొని, వినియోగదారు అనుభవ కథనం ప్రధానంగా సాక్ష్యాన్ని కోరే కథనమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వినియోగదారుడు, అనుభవ కథనం, సామాజిక మాధ్యమం, చాటువు, కన్యాశుల్కం, ఖాతా, సాక్ష్యం, ఉత్తరాంధ్ర, నెల్లిమర్ల.

1. ప్రవేశిక

'అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి' అనే సామెత తెలుగువారి మార్కెట్ అనుభవాన్ని నాలుగు మాటల్లో నిలిపింది. అమ్మేటప్పుడు అడిగేవాడుండడు, కొనేటప్పుడు ధర ముట్టుకోనివ్వదు. ఈ సామెతను మొదట ఎవరన్నారో తెలియదు గాని, అనుభవించిన ప్రతివాడూ దాన్ని తన మాటగానే వాడుకుంటాడు. 'నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి' అన్నదీ ఇటువంటిదే. నమ్మి కొన్న గింజ మోసం చేసిన సంగతి అందులో ఉంది. ఒకరి నష్టం పదిమంది జ్ఞానంగా మారిన తీరుకు ఈ సామెతలు నిదర్శనాలు.

నేడు ఆ పని సామాజిక మాధ్యమాలు చేస్తున్నాయి. హోటల్ భోజనం, ఆసుపత్రి సేవ, ఆన్‌లైన్‌లో తెప్పించిన చీర, బస్సు ప్రయాణం, బ్యాంకు వ్యవహారం – దేన్ని గురించైనా ఎవరైనా ఫేస్‌బుక్‌లోనో, వాట్సాప్ సమూహంలోనో, యూట్యూబ్ వీడియోలోనో తమ అనుభవాన్ని చెప్పవచ్చు. ఈ కథనాలను వాణిజ్యశాస్త్రం విస్తారంగా అధ్యయనం చేసింది. సాహిత్య విమర్శ మాత్రం వీటిని కథన ప్రక్రియగా పట్టించుకున్నది తక్కువ. ఒక మనిషి తనకు జరిగినదాన్ని ఎత్తుగడ, నడక, ముగింపులతో ఇతరులకు చెబుతున్నప్పుడు దానిని కథనంగా చదవవలసిన బాధ్యత సాహిత్య విమర్శకూ ఉంటుంది.

2. వాణిజ్యశాస్త్రం చెప్పిన కారణాలు

ఎర్నెస్ట్ డిక్టర్ 1966లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో ప్రచురించిన వ్యాసం ఈ అధ్యయనాలకు తొలి మెట్లలో ఒకటి. వస్తువు గురించి మనుషులు నోటిమాటగా చెప్పుకోవడానికి ఆయన నాలుగు ప్రేరణలు చూపాడు. వస్తువు కలిగించిన ఉద్వేగం మొదటిది. తన్ను తాను గొప్పగా నిలుపుకోవడం రెండవది. ఎదుటివారికి మేలు చేయాలన్న తలంపు మూడవది. ప్రకటన లేదా సందేశం పట్ల ఆసక్తి నాల్గవది. అంతర్జాలం వచ్చిన తరువాత హెన్నిగ్-తురావ్, సహ పరిశోధకులు 2004లో జర్మన్ వినియోగదారులపై చేసిన పరిశోధన ఇదే దారిని పొడిగించింది. నలుగురితో కలవాలన్న కోరిక, ఆర్థిక ప్రతిఫలం, ఇతరుల పట్ల శ్రద్ధ, ఆత్మగౌరవాన్ని పెంచుకోవడం ముఖ్య కారణాలుగా అందులో తేలాయి. ఉద్వేగం కలిగించిన అనుభవాన్ని మనిషి త్వరలోనే మరొకరికి చెప్పుకుంటాడని బెర్నార్డ్ రిమే మనోవిజ్ఞాన పరిశోధనలు చూపాయి.

ఈ సమాధానాలన్నీ మాట్లాడేవాణ్ణి కేంద్రంగా చేసుకున్నవి. మాట్లాడే వీలు అందరికీ సమానంగా ఉందనే ఊహ వీటి అడుగున ఉంది. ఈ ఊహను సవరించడానికి ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో వెలువరించిన గ్రంథం తోడ్పడుతుంది. ఒక సంస్థ నాణ్యత పడిపోయినప్పుడు దాన్ని విడిచిపోవడం, గొంతెత్తడం అనే రెండు దారులు మనిషి ముందుంటాయని, విధేయత ఆ రెండింటి మధ్య పనిచేస్తుందని ఆయన వివరించాడు. విడిచిపోయే వీలు లేని చోట గొంతు విలువ పెరుగుతుంది. గొంతెత్తితే నష్టపోయే చోట మౌనం పెరుగుతుంది. తెలుగు సమాజంలోని వినియోగదారుణ్ణి అర్థం చేసుకోవడానికి ఈ రెండో సగం చాలా ముఖ్యం.

3. పూర్వరంగం: రూక భోజనం, జొన్నకూడు

వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధుల్లో తిరుగుతూ చూసినవన్నీ చెప్పుకుంటారు. వారిలో ఒకడు వర్తకుడు కావడం గమనార్హం. అందులో పూటకూటి ఇంటి భోజనాన్ని వర్ణించే పద్యం ఒకటుంది. సన్నబియ్యపు అన్నం, గోధుమపిండి వంట, పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నంజుళ్లు, పెరుగు – ఇవన్నీ ఒక్క రూకకు దొరుకుతాయని చెబుతూ, ఎవరి ఇంట దొరుకుతాయో కూడా ఆ పద్యం చెబుతుంది. పదార్థాల పట్టిక, వాటి గుణం, ధర, చిరునామా – నేటి భోజన సమీక్షలో పాఠకుడు వెతికే నాలుగు అంశాలూ ఆ చిన్న పద్యంలో ఉన్నాయి. అందులో 'కొత్తగా కాచిన' అన్న విశేషణం ముఖ్యమైనది. పట్టిక ఎవరైనా చెప్పగలరు. నెయ్యి అప్పుడే కాచినదని తిన్నవాడు మాత్రమే చెప్పగలడు. అనుభవ కథనానికి ప్రామాణ్యం ఇటువంటి చిన్న వివరం నుంచి వస్తుంది.

ఫిర్యాదుకు పూర్వరూపం శ్రీనాథుని పేర వ్యాప్తిలో ఉన్న పలనాటి చాటువుల్లో కనిపిస్తుంది. రాజాస్థానాల భోజనానికి అలవాటుపడిన కవి జొన్నకూడు ముందు కూర్చొని కృష్ణుణ్ణి సవాలు చేస్తాడు. పూతన విషాన్ని తాగినవాడివి, కార్చిచ్చును మింగినవాడివి కదా, చింతచిగురు వేసి వండిన బచ్చలికూరతో ఈ జొన్నకూడు ఒక్క ముద్ద దించు చూద్దాం అన్నది దాని సారాంశం. ఇది హాస్యం. కాని ఆ హాస్యం ఎవరి కంచం మీద నిలబడిందో గమనించాలి. ఆ జొన్నకూడు పలనాటి రైతుకు నిత్యాహారం. అతిథి ఒక పూట పడిన ఇబ్బంది శతాబ్దాలు దాటి వచ్చింది. దానినే రోజూ తిన్నవారి రుచి గురించిన మాట ఆ పద్యాల్లో లేదు. చాటువు రాతప్రతి కన్న ముందు నోటి ద్వారా బతికింది. ఒకరు చెప్పగా మరొకరు విని, బాగుంటే ఇంకొకరికి చెప్పిన పద్యమది. ఆ వ్యాప్తి విధానం నేటి మాధ్యమానికి దగ్గరగా ఉంది. చమత్కారం ఉన్న మాట నిలుస్తుంది, అది లేని మాట నిజమైనదైనా జారిపోతుంది అన్న నియమం రెండింటికీ వర్తిస్తుంది.

ఉత్తరాంధ్రలో ఈ ఫిర్యాదు స్వరం అధిక్షేప శతకంగా స్థిరపడింది. గోగులపాటి కూర్మనాథకవి సింహాద్రి నారసింహ శతకంలో భక్తుడు దేవుణ్ణి నిలదీస్తాడు. నిన్ను నమ్మి కొలిచాము, ఆపద వేళ ఊరకున్నావేమని అడుగుతాడు. భక్తుణ్ణి వినియోగదారుడనడం సరికాదు. అయితే ఆశించిన రక్షణ అందనప్పుడు, విడిచిపోయే వీలు లేని చోట, గొంతెత్తడం ఒక్కటే మార్గమని ఆ శతకం చూపుతుంది. ఆ గొంతు దేవునికి మాత్రమే వినిపించేది కాదు; పద్యం చదివిన ప్రతి ఒక్కరూ దానికి సాక్షులే.

4. కన్యాశుల్కం: మార్కెట్‌లో ఎవరి మాట చెల్లుతుంది?

1892లో విజయనగరంలో తొలిసారి ప్రదర్శితమై, 1897లో ముద్రణ పొంది, 1909లో రెండో కూర్పుగా విస్తరించిన కన్యాశుల్కాన్ని క్రయవిక్రయాల నాటకంగా చదవవచ్చు. కొనుగోలుదారు లుబ్ధావధాన్లు, అమ్మకందారు అగ్నిహోత్రావధాన్లు, బేరం నడిపించే మధ్యవర్తి రామప్పంతులు. సరుకు స్థానంలో సుబ్బి అనే పసిపిల్ల ఉంది. ఈ నాటకంలో అనుభవాన్ని గురించిన మాట నాలుగు చోట్ల నాలుగు విధాలుగా పనిచేస్తుంది.

మొదటిది, ఫోటో తీయించుకున్న సొమ్ము వసూలుకు వచ్చిన నౌకరు ప్రసంగం. సేవ పొందినవాడు గిరీశం; డబ్బు రావలసినది ఫోటో పంతులుకు. న్యాయం నౌకరు పక్షాన ఉంది. మాట మాత్రం గిరీశం పక్షాన ఉంది. ఇంగ్లీషు ముక్కలు, దబాయింపు, మాటకారితనం కలిపి అతడు నౌకరును తిప్పి పంపుతాడు. వినియోగదారుడు ఎప్పుడూ బలహీనుడే, అమ్మేవాడు ఎప్పుడూ బలవంతుడే అన్న సూత్రాన్ని నాటకం ప్రారంభంలోనే గురజాడ పక్కకు నెట్టాడు. బలం ఏ పక్షాన ఉంటే ఫిర్యాదు ఆ పక్షం భాషలో నడుస్తుంది.

రెండవది, పూటకూళ్లమ్మ చీపురు. సరుకుల కోసం ఆమె నమ్మి ఇచ్చిన సొమ్మును గిరీశం మధురవాణి ఇంట తగలేశాడు. ఆమెకు రసీదు లేదు, కోర్టు లేదు. విధవగా సమాజంలో మాట చెల్లుబాటూ తక్కువే. ఆమె చీపురు పట్టుకొని నేరుగా మధురవాణి ఇంటికి వస్తుంది. మంచం కింద దాగిన గిరీశాన్ని కొట్టబోతే ఆ దెబ్బ ముందే అక్కడ దాగి ఉన్న రామప్పంతులుకు తగులుతుంది. ప్రేక్షకుడు నవ్వుతాడు. నవ్వు తగ్గిన తరువాత అందులోని చేదు తెలుస్తుంది. ఫిర్యాదు న్యాయమైనదే, దెబ్బ తగిలినవాడు వేరు, తప్పు చేసినవాడు తప్పించుకున్నాడు. సామాజిక మాధ్యమాల్లో కోపం నడిచే దారి తరచుగా ఇదే. సంస్థ విధానం వల్ల కలిగిన నష్టానికి పొట్లం తెచ్చి ఇచ్చిన కుర్రవాడు మాట పడతాడు. రామప్పంతులు మీద జాలిపడనక్కరలేదు గాని, మంచం కింద ఎవరున్నారో చూడకుండా చీపురు ఎత్తే అలవాటు మీద ఆలోచన అవసరం.

మూడవది, గిరీశం లుబ్ధావధాన్లుకు రాసిన ఉత్తరం. సంబంధాన్ని పొగడుతున్నట్టే రాసి, పెళ్లివారు తెచ్చే ఆర్భాటాన్ని వర్ణించి, లోభి గుండెల్లో రాయి పడేలా చేస్తాడు. ప్రశంస రూపం, నిరుత్సాహం ప్రయోజనం. ఎదుటివాడి మేలు కోరే బంధువుగా కనిపిస్తూ స్వప్రయోజనం కోసం రాసిన ఈ ఉత్తరం నకిలీ సమీక్షకు తెలుగు సాహిత్యంలోని గొప్ప ఉదాహరణ. ఆన్‌లైన్ వినియోగదారు సమీక్షల సేకరణ, పరిశీలన, ప్రచురణలకు భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000:2022 అనే ప్రమాణాన్ని విడుదల చేయవలసి వచ్చిందంటే గిరీశం వారసులు తగ్గలేదనే అర్థం. సమీక్ష రాసినవాడు నిజంగా ఉన్నాడా, కొన్నాడా అని సరిచూడడం ఆ ప్రమాణం ఆశించే పనుల్లో ఒకటి. గిరీశం నిజంగా ఉన్నవాడే, బంధువే. అయినా ఉత్తరం నకిలీదే. రచయిత గుర్తింపును ధ్రువీకరించినంత మాత్రాన కథనం ఉద్దేశం ధ్రువపడదు. ఆ పనికి చదివేవాడి వివేచన కావాలి. లుబ్ధావధాన్లులో లోభం ఉంది గాని ఆ వివేచన లేదు.

నాల్గవది, ఇతర మూడింటికన్నా బరువైనది. ఈ బేరంలో కొనేవాడు మాట్లాడతాడు, అమ్మేవాడు మాట్లాడతాడు, మధ్యవర్తి ఇద్దరికన్నా ఎక్కువ మాట్లాడతాడు. అమ్ముడుపోయే పిల్ల అనుభవం మాత్రం ఎవరి మాటల్లోనూ లేదు. అప్పటికే ఒకసారి అమ్ముడుపోయి విధవగా తిరిగివచ్చిన బుచ్చమ్మ ఆ ఇంట్లోనే ఉంది. ఆ అనుభవం తండ్రికి పాఠం కాలేదు. తల్లి వెంకమ్మ వద్దని ఎంత మొత్తుకున్నా ఆ మాట చెల్లదు; వ్యవహారం ఆమె నూతిలో పడేదాకా వస్తుంది. మాట వినబడని చోట శరీరమే సాక్ష్యం చెప్పవలసి వచ్చింది. అనుభవం ఉండడం వేరు, అనుభవం వినబడడం వేరు అన్న భేదాన్ని దీనికన్నా స్పష్టంగా చెప్పిన సన్నివేశం అరుదు.

5. నెల్లిమర్ల: ఖాతా, రసీదు, మౌనం

విజయనగరానికి సమీపాన, చంపావతి నది ఒడ్డున ఉన్న నెల్లిమర్ల ఈ చర్చకు తగిన నేపథ్యం. జనపనార మిల్లు చుట్టూ పెరిగిన ఊరు ఇది. వైద్య కళాశాల, దాని ఆసుపత్రి ఉన్నాయి. బౌద్ధ, జైన అవశేషాలతో పాటు రామాలయంతో ప్రసిద్ధమైన రామతీర్థం ఈ మండలంలోనే ఉంది. కార్మికుడు, రోగి, యాత్రికుడు అనే మూడు రకాల వినియోగదారులు ఒకే దారిలో ఎదురయ్యే చోటు ఇది. ముగ్గురికీ అనుభవాలున్నాయి. వాటిని చెప్పే వీలు మాత్రం ఒక్కటి కాదు.

యాత్రికుడు ఒక పూట ఉండి వెళ్లిపోతాడు. టిఫిను బాగుండకపోతే సెల్‌ఫోన్‌లో ఆ సంగతి రాసి, ఒక నక్షత్రం ఇచ్చి బస్సెక్కుతాడు. మళ్లీ ఆ దుకాణదారు ముఖం చూడవలసిన పని అతనికి లేదు. శ్రీనాథుని చాటువు స్వేచ్ఛ వంటిదే ఈ స్వేచ్ఛ.

కార్మిక కుటుంబం పరిస్థితి వేరు. మిల్లు ఊళ్లలో కిరాణా దుకాణంతో సంబంధం రొక్కం మీద కాక ఖాతా మీద నడుస్తుంది. పని ఉన్నప్పుడు కొంత తీర్చి, మిల్లు మూతపడినప్పుడు అరువు పెంచుకునే ఖాతా అది. పప్పులో రాళ్లున్నా, తూకం తగ్గినా ఆ ఇంటి ఇల్లాలు పదిమందిలో అనలేదు. అంటే రేపు సరుకు రాదు. హర్ష్‌మన్ చెప్పిన రెండు దారులూ ఆమెకు మూసుకున్నాయి. విడిచిపోదామంటే బాకీ అడ్డం. గొంతెత్తుదామంటే ఆకలి అడ్డం. అయితే ఆ దుకాణదారును దోపిడీదారుగా మాత్రమే చూపితే చిత్రం పూర్తి కాదు. జీతం రాని నెలల్లో ఊరికి అన్నం పెట్టింది అతని ఖాతా పుస్తకమే. రాళ్ల గురించిన ఆమె మౌనంలో భయంతో పాటు కొంత కృతజ్ఞతా ఉంటుంది. ఉద్దేశాల పట్టికలో ఈ మౌనానికి గడి లేదు. చెప్పినవారి కారణాలను లెక్కించే పరిశోధన చెప్పనివారి కారణాలను లెక్కించజాలదు.

ఈ మౌనాన్ని ఉత్తరాంధ్ర కథ గ్రహించింది. విజయనగరం కథకుడు చాగంటి సోమయాజులు రాసిన 'ఎందుకు పారేస్తాను నాన్నా!' కథలో ఫీజు కట్టలేక బడి మానవలసి వచ్చిన కృష్ణుణ్ణి తండ్రి చుట్టలు తెమ్మని దుకాణానికి పంపుతాడు. చుట్టలు కొనడం ఆ పిల్లవాడి చేతిలో ఉన్న వ్యవహారం. చదువు కొనలేకపోవడం అతని అసలు అనుభవం. తోటి పిల్లలు చూస్తారేమోనన్న సిగ్గు ఆ కథకు ఊపిరి. కొనలేకపోయిన అనుభవాన్ని ఎవరికి చెప్పుకోవాలి? సమీక్షకు అర్హత కొన్నవాడికే ఉంటుంది. కొనలేనివాడి అనుభవానికి ఏ వేదికలోనూ నక్షత్రాల వరుస లేదు. ఆ ఖాళీని చాసో కథ పూరించింది.

కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథ ఖాతా తర్కాన్ని రచ్చబండ మీదికి తెచ్చింది. అప్పల్రాముడి బాకీ గురించి సుందరపాలెంలో జరిగే చర్చలో ప్రతి ఒక్కరూ ధర్మంగానే మాట్లాడతారు. లెక్కల భాషకు, బతుకు భాషకు మధ్య పోటీలో లెక్కలే నెగ్గుతాయి. అప్పల్రాముడు తన మాట చెప్పాడు, సభ విన్నది. అయినా ఆ మాటకు తీర్పును మార్చే శక్తి లేకపోయింది. చెప్పే అవకాశం దొరకగానే న్యాయం జరుగుతుందన్న నమ్మకాన్ని ఈ కథ ప్రశ్నిస్తుంది. మాధ్యమం చేతికి వచ్చింది గనుక సామాన్యుడికి గొంతు వచ్చిందని సంబరపడేవారు 'యజ్ఞం' మరోసారి చదవాలి.

6. చట్టం, కథనం

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం స్థానంలో వచ్చిన 2019 చట్టం 2020 జూలై నుంచి అమల్లోకి వచ్చింది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటనే జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుము లేదు. ఆన్‌లైన్‌లో దాఖలు చేసే ఏర్పాటు ఉంది. 1915 అనే సహాయ సంఖ్య ఉంది. చట్టం ఇంటి గుమ్మం దాకా వచ్చినా మనుషులు అనుభవాన్ని మాధ్యమాల్లోనే ఎందుకు చెప్పుకుంటున్నారన్నది న్యాయమైన ప్రశ్న.

మొదటి కారణం రసీదు. చట్టం పత్రాన్ని అడుగుతుంది. కథనం వినేవాణ్ణి అడుగుతుంది. సంతలో కొన్న విత్తనానికి, ఖాతాలో తెచ్చిన పప్పుకు చాలాసార్లు పత్రం ఉండదు.

రెండవ కారణం నిర్వచనం. చట్టం దృష్టిలో ప్రతిఫలం చెల్లించినవాడే వినియోగదారుడు. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తీర్పు ఇచ్చింది. అందరికీ పూర్తిగా ఉచితంగా అందించే సేవను మాత్రం ఆ పరిధి నుంచి మినహాయించింది. అంటే ఉచిత వైద్యశాలలో గంటల తరబడి వరుసలో నిలబడ్డ పేదరోగికి అనుభవం ఉంటుంది గాని వినియోగదారు హోదా ఉండదు. హోదా లేని అనుభవానికి మిగిలిన వేదిక నలుగురి చెవి. సామాజిక మాధ్యమం ఆ చెవిని విశాలం చేసింది. దాని ప్రజాస్వామిక విలువ ఇక్కడ కనిపిస్తుంది.

మూడవ కారణం చెప్పడంలోనే ఉన్న తృప్తి. నష్టపరిహారం వచ్చినా రాకపోయినా తనకు జరిగింది జరిగిందేనని ఎవరైనా ఒప్పుకోవాలన్న కోరిక మనిషికి ఉంటుంది. 'నాకూ అక్కడ ఇలాగే జరిగింది' అని మరొకరు రాసిన ఒక్క వాక్యం ఆ ఒప్పుకోలును ఇస్తుంది. మోసపోయినవాడికి డబ్బు పోయిందన్న బాధతో పాటు తెలివితక్కువవాణ్ణయ్యానన్న సిగ్గూ ఉంటుంది. రెండో మనిషి సాక్ష్యంతో ఆ సిగ్గు తగ్గుతుంది. తప్పు తనలో లేదని తేలుతుంది.

7. కథన నిర్మాణం, భాష

విలియం లబోవ్, జాషువా వాలెట్‌స్కీలు 1967లో స్వానుభవ కథనాల నిర్మాణాన్ని విశ్లేషించారు. స్థలకాలాల పరిచయం, చిక్కుముడి, మూల్యాంకనం, పరిష్కారం, ముగింపు వాక్యం అనే భాగాలు అందులో ప్రధానమైనవి. తెలుగు వినియోగదారు కథనాలు ఈ నమూనాకు చాలావరకు సరిపోతాయి గాని రెండు చోట్ల ప్రత్యేకతను చూపుతాయి. మొదటిది పరిచయ భాగం. వస్తువు కన్న ముందు సందర్భం వస్తుంది: పిల్ల పెళ్లికి, అమ్మ వైద్యానికి, పండక్కి అని. కొనుగోలు ఒక వ్యక్తి వ్యవహారంగా కాక ఇంటి వ్యవహారంగా ప్రవేశిస్తుంది. రెండవది ముగింపు. 'మాలా మీరు మోసపోకండి' అన్న తరహా హెచ్చరికతో కథనం ముగుస్తుంది. చాలా కథనాల్లో పరిష్కారం ఉండదు. పరిష్కారం ఉండవలసిన చోట హితవు నిలుస్తుంది. న్యాయం దొరకనివాడు ఉపదేశకుడి స్థానాన్ని తీసుకొని తన గౌరవాన్ని తిరిగి నిలుపుకుంటాడు. డిక్టర్ చెప్పిన స్వీయ గౌరవం, పరహితం ఇక్కడ రెండు వేర్వేరు ప్రేరణలుగా కాక ఒకే వాక్యంలో కలిసిపోతున్నాయి.

భట్టనాయకుడు ప్రతిపాదించిన సాధారణీకరణ భావన ఈ సందర్భంలో గుర్తుకు రావడం సహజం. ఒకరి దుఃఖం వ్యక్తిగత పరిమితిని దాటి సహృదయుడిదవుతుంది. పోలిక అంతటితో ఆగాలి. రసానుభవంలో సహృదయుడు ఫలాపేక్ష లేకుండా ఆనందిస్తాడు. వినియోగదారు కథనం విన్నవాడు ఆనందించి ఊరుకోకూడదు. ఆ దుకాణానికి వెళ్లడం మానాలి, లేదా తన అనుభవాన్ని జతచేయాలి. ఇది శ్రోత నుంచి పనిని ఆశించే కథనం. ఆ కారణంగానే దీన్ని సాక్ష్యానికి దగ్గరగా నిలపడం సమంజసం. సాక్ష్యానికి ఉండే బాధ్యత – చూసినదే చెప్పడం, అడిగితే నిలబడడం – దీనికీ ఉండాలి.

ఇక భాష. గ్రాంథికం రాజ్యమేలే కాలంలో గురజాడ పాత్రల చేత వాడుక భాషలో మాట్లాడించాడు. శ్రీకాకుళం సమీపంలోని పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి (1863–1940) ఆ భాషకు శాస్త్రీయమైన వాదబలాన్ని సమకూర్చాడు. వ్యావహారిక భాషోద్యమాన్ని సాధారణంగా విద్య, రచనల దృష్టితో చర్చిస్తారు. దానికి మరో కోణం ఉంది. తన నష్టాన్ని తన నోటి మాటతో రాతలో చెప్పుకోగల హక్కు కూడా ఆ ఉద్యమం వల్ల సంక్రమించింది. గ్రాంథికంలో అర్జీ రాయించుకోవడానికి మరొకరిని ఆశ్రయించవలసిన మనిషి నేడు తానే రాసుకుంటున్నాడు.

అయితే ఆ హక్కు ఇంకా పూర్తి కాలేదు. ఉత్తరాంధ్ర మాండలికం తెరమీద ఎక్కువగా హాస్యానికి వాడుకలో ఉంది. ఆ యాసలో చెప్పిన ఫిర్యాదును విని నవ్వి ముందుకు పంపేవారుంటారు. ఫిర్యాదుగా తీసుకునేవారు తక్కువ. ఆ భయంతో అదే మనిషి రాసేటప్పుడు పత్రికల భాషలోకి మారతాడు. మారినప్పుడు తన అనుభవంలోని బిగువు కొంత పోగొట్టుకుంటాడు. తెలుగు మాటను రోమన్ లిపిలో రాయడం మరో అలవాటు. అక్షరాలు మారినా వాక్యం బతుకుతుంది గాని, యాసను ఆ లిపి మరింత చదును చేస్తుంది. నక్షత్రాల లెక్క ఇంకా చదును చేస్తుంది. క్రీడాభిరామ పద్యాన్ని ఐదు నక్షత్రాలుగా మార్చితే 'కొత్తగా కాచిన' నెయ్యి పోతుంది. 'నమ్మి నానబోస్తే' అన్న సామెతను ఒక నక్షత్రంగా మార్చితే అందులోని నమ్మకం పోతుంది.

8. చిన్న విక్రేత పక్షం

వినియోగదారు కథనాన్ని సమర్థించే విమర్శ విక్రేత వైపు కూడా చూడాలి. పెద్ద సంస్థకు వందల ప్రశంసలు అండగా ఉంటాయి. ఒక ప్రతికూల కథనం వాటిలో కలిసిపోతుంది. రోడ్డు పక్క టిఫిను బండికి ఆ అండ లేదు. ఒక పూట పిండి పులిసిన సంగతి శాశ్వతంగా నిలిచిపోతుంది. నోటిమాటకు మరపు అనే గుణం ఉండేది. చట్నీ బాగుపడితే మాటా మారేది. నిలిచిపోయే రాతకు ఆ గుణం తక్కువ. అనుభవ కథనానికి తేదీ ఎంత అవసరమో, సమాధానం చెప్పుకొనే చోటు కూడా అంతే అవసరం. పూటకూళ్లమ్మ బాధితురాలే కాదు, పూటకూటి ఇల్లు నడిపే విక్రేత కూడా. ఒకే పాత్రలో రెండు స్థానాలనూ ఉంచిన గురజాడ చూపు నేటి పరిశోధకులకు మార్గదర్శకం.

9. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. వినియోగదారులు అనుభవాలను పంచుకోవడానికి స్వీయగౌరవం, పరహితం, ఉద్వేగం వంటి ప్రేరణలు ఉన్న మాట నిజమే. తెలుగు ఉదాహరణల్లో ఈ ప్రేరణలన్నింటినీ కలిపే సూత్రం సాక్ష్యాపేక్ష. తనకు జరిగినదాన్ని మరొకరు ఒప్పుకోవాలన్న కోరిక అది.

2. అనుభవ కథనానికి తెలుగులో చాటువు, సామెత, అధిక్షేప శతకం పూర్వరూపాలుగా ఉన్నాయి. ప్రామాణ్యం కలిగించే చిన్న వివరం, వ్యాప్తి కలిగించే చమత్కారం ఆనాటికీ ఈనాటికీ ఉమ్మడి లక్షణాలు.

3. కన్యాశుల్కం నకిలీ ప్రశంస, గురి తప్పిన కోపం, మాటకారి దబాయింపు, వినబడని అనుభవం అనే నాలుగు స్థితులను నాటకీకరించింది. ఈ నాలుగూ సామాజిక మాధ్యమాల్లో కొనసాగుతున్నాయి.

4. అరువు, అవసరం, కృతజ్ఞత ముడిపడిన చోట వినియోగదారుని మౌనాన్ని తృప్తిగా లెక్కించడం పొరపాటు. చాసో, కారా కథలు ఈ మౌనాన్ని అధ్యయనం చేయడానికి ఆధారాలు.

5. చట్టం హోదా ఇవ్వని అనుభవాలకు సామాజిక మాధ్యమం వేదికనిస్తున్నది. ఆ వేదికలో ప్రాంతీయ మాండలికానికి గౌరవం, చిన్న విక్రేతకు సమాధానం చెప్పే అవకాశం లభించినప్పుడే ఆ మాట సాక్ష్యంగా నిలుస్తుంది.

ఈ దిశలో చేయవలసిన క్షేత్రపరిశోధన చాలా ఉంది. మిల్లు ఊళ్లలోనూ, సంతల్లోనూ, ఆసుపత్రి వరండాల్లోనూ మనుషులు చెప్పుకునే కొనుగోలు అనుభవాలను వారి యాసలోనే సేకరించడం తెలుగు శాఖల పరిశోధకులు చేపట్టదగిన పని. మాధ్యమంలోకి ఎక్కిన కథనాలు తమంతట తామే భద్రమవుతాయి. ఖాతా పుస్తకం ముందు ఆగిపోయిన మాటను మాత్రం ఎవరో ఒకరు వెళ్లి వినాలి.